పికాసో ఇచ్చిన పావుగంట

గది చీకటి చేశారు. అరల మీది కూజాలు, పళ్లాలు కంటికి ఆనకుండా పోయాయి. రెండు కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి ఎదురుగా, ఇంకొకటి పక్కవాటుగా. కెమెరాల దగ్గర జోన్ మిలీ. వాటి ముందు, చేతిలో చిన్న టార్చిలైటుతో, పాబ్లో పికాసో.

అది 1949. ఊరు వల్లోరిస్. దక్షిణ ఫ్రాన్సులో మధ్యధరా తీరానికి దగ్గరగా, కుండల పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి మదూరా కార్ఖానాలో మట్టితో బొమ్మలు, పాత్రలు చేయడం పికాసోకి అప్పట్లో కొత్త వ్యామోహం. వయసు అరవై ఏడు దాటింది. అంత పేరున్న చిత్రకారుడు ఆ రోజుల్లో మరొకరు లేరనే చెప్పాలి. ఆ మనిషి మిలీకి ఇచ్చింది పావుగంట. ఒకే ఒక్క ప్రయోగం, పదిహేను నిమిషాలు. నచ్చితే సరే, నచ్చకపోతే కెమెరాలు సర్దుకోవడమే.

ఆ పావుగంట కోసం మిలీ చాలా దూరం నుంచి వచ్చాడు. పుట్టింది 1904లో, అల్బేనియాలోని కోర్చ పట్నంలో. పెరిగింది రుమేనియాలో. 1923లో అమెరికా చేరి, ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాడు. ఆ తర్వాత వెస్టింగ్‌హౌస్ కంపెనీలో దీపాల మీద పరిశోధన చేసే ఉద్యోగం. కెమెరా విద్య ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు, సొంతంగా పట్టుబడింది. ఫొటోగ్రాఫర్లు చాలామంది బొమ్మ దగ్గర మొదలుపెట్టి వెలుగు దగ్గరికి వస్తారు. మిలీ వెలుగు దగ్గర మొదలుపెట్టి బొమ్మ దగ్గరికి వచ్చాడు. ఆయన తీసిన ఏ ఫొటో చూసినా నాకు ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది.

1937లో ఎంఐటీలోనే హెరాల్డ్ ఎడ్జర్టన్‌తో పరిచయమైంది. పాల చుక్క పడి కిరీటంలా చిందడాన్ని, తుపాకీ గుండు ఆపిల్ పండును చీల్చడాన్ని ఫొటోల్లో ఆపి చూపించినవాడు ఎడ్జర్టన్. ఆయన చేతిలోని సాధనం స్ట్రోబ్ లైటు. సెకనులో వేల వంతు మాత్రమే వెలిగి ఆరిపోయే ఫ్లాష్ అది. కంటికి అందని కదలిక దానికి అందుతుంది. మిలీకి దారి దొరికింది. డ్యాన్సర్లు, ఆటగాళ్లు, సంగీతకారులు, ఎవరు కదిలినా మిలీ లైట్లు పట్టుకుని తయారు. 1939 నుంచి లైఫ్ పత్రికకు ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు.

తర్వాత ఆయనకు తట్టిన ఆలోచన దీనికి పూర్తిగా ఎదురుదిక్కుది. కదలికను ఆపే పని ఫ్లాష్ చేస్తోంది, సరే. అదే కదలికను మొదటి నుంచి చివరి దాకా సాగదీసి ఒకే ఫొటోలో చూపించాలంటే? మంచు మీద స్కేటింగ్ చేసే కరోల్ లిన్ బూట్లకు చిన్న చిన్న దీపాలు కట్టాడు. చీకట్లో ఆమె జారుతూ, ఎగురుతూ, గిరికీలు కొడుతుంటే షట్టర్ తెరిచే ఉంచాడు. ఫిల్ము మీద ఆమె నడిచిన దారంతా వెలుగు మెలికలై పడింది. ఇది 1945 నాటి మాట.

వల్లోరిస్‌లో మిలీ పికాసో ముందు పెట్టినవి ఇలాంటి స్కేటింగ్ ఫొటోలే. కాళ్లకు దీపాలు కట్టుకుని చీకట్లో ఎగిరినవాళ్ల జాడలు.

ఆ ఫొటోలు చూసినప్పుడు పికాసో మనసు ఎక్కడికి పరిగెత్తి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పెన్సిలు ఎత్తకుండా ఒకే గీతలో గుర్రాన్నీ, పక్షినీ, సర్కస్ మనిషినీ గీయడం ఆయనకు ఎన్నో ఏళ్ల నుంచీ ఇష్టమైన పని. ఇక్కడ గీత ఉంది. దాన్ని మోసే కాగితం మాత్రం లేదు. స్కేటింగ్ పిల్ల కాళ్లతో తెలియకుండా గీసినదాన్ని చేత్తో కావాలని గీస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న తొలిచే దాకా ఒక చిత్రకారుడికి పావుగంట ఇవ్వబుద్ధి కాదు.

ఇప్పుడు మళ్లీ ఆ గదిలోకి వద్దాం.

మిలీ షట్టర్ తెరిచాడు. చీకటి గదిలో షట్టర్ తెరిచి ఉంచితే ఏమవుతుంది? ఏమీ కాదు. లోపలికి రావడానికి వెలుగే లేదు. అర నిమిషం తెరిచినా ఫొటో నల్లగానే వస్తుంది. ఆ నలుపులోకి ఒక బుల్లి దీపం వచ్చి కదిలితే, అది నిలిచిన ప్రతి చోటా ఫిల్ము మీద ఒక చుక్క పడుతుంది. చుక్కను ఆనుకుని చుక్క పడి గీతవుతుంది. దీపం ముందుకు వెళ్లిపోయినా అది దాటి వచ్చిన దారి ఫిల్ము మీద అలాగే ఉండిపోతుంది. కన్ను మరిచిపోయినదాన్ని ఫిల్ము దాచుకుంటుంది.

పికాసో చెయ్యి లేచింది. టార్చి వెలిగింది.

ఆ క్షణంలో ఆయన పరిస్థితి ఏమిటో కాస్త నిలబడి ఆలోచించాలి. కాగితం మీద గీసేవాడికి గీసినదంతా కళ్లెదుటే ఉంటుంది. చెవి ఎక్కడ మొదలైంది, మెడ ఎంత దూరం వచ్చింది, చూసుకుంటూ సర్దుకుంటాడు. పికాసో ముందు గాలి తప్ప ఇంకేమీ లేదు. గీత పుట్టిన చోటే పోతోంది. ఎద్దు వీపు గీస్తుంటే కొమ్ములు లేవు. తోక దగ్గరికి వచ్చేసరికి వీపూ లేదు. భుజం ఎంత తిరిగింది, మోచెయ్యి ఎంత వంగింది, నడుము ఎంత వాల్చాను అన్నది ఒళ్లే గుర్తుపెట్టుకోవాలి. కాలు ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి రావాలి, ఆ చోటు కనిపించదు. తప్పు పోతే తుడిచే వీలు లేదు. బాగా కుదిరిందా లేదా అన్నది కూడా అప్పుడే తెలియదు. ఈ రోజుల్లోలా వెనక్కి తిప్పి తెర మీద చూసుకునే కెమెరా కాదు కదా అది. ఫిల్ము కడగాలి, ప్రింటు వేయాలి.

గీత సాగుతుండగా మిలీ రెండో పని చేశాడు. ఫ్లాష్ వెలిగించాడు. గది ఒక్కసారి భగ్గుమని, మనిషి రెప్ప వేసేలోపే మళ్లీ చీకటైంది. ఆ కాస్త వ్యవధిలో పికాసో మొహం, చాచిన చెయ్యి, కళ్లు, వెనక ఉన్న కుండలు ఫిల్ము మీద చెక్కినట్టు పడ్డాయి. గీత మాత్రం ఫ్లాష్‌కు ముందూ ఉంది, తర్వాతా ఉంది. ఒకే ఫొటోలో రెండు కాలాలు కలిశాయి. మనిషిది సెకనులో వేల వంతు, బొమ్మది ఎన్నో సెకన్లు. ఫ్లాష్ లేకుండా తీసి ఉంటే నల్లటి గుడ్డ మీద తెల్ల దారంలా బొమ్మ ఒక్కటే మిగిలేది. గీసినవాడు మాయమైపోయేవాడు. ఇన్నేళ్ల తర్వాతా జనం ఆ ఫొటోల ముందు ఆగిపోవడానికి ఆ ఒక్క మెరుపే కారణమని నా నమ్మకం.

పావుగంట అయింది. ఆ ప్రయోగం ఫలితం చూశాక పికాసో ఇక గడియారం సంగతి ఎత్తలేదు. అయిదు విడతలు మిలీ కెమెరాల ముందు నిలబడ్డాడు. 30 బొమ్మలు గాలిలో గీశాడు. ఎద్దులు, గ్రీకు శిల్పాల్లాంటి పక్కమొహాలు, తన సంతకం. అన్నిటికంటే పేరు తెచ్చుకున్నది సెంటార్. గ్రీకు కథల్లోని సగం మనిషి, సగం గుర్రం. ఆ ఫొటోలో వెలుగు గీత ఎక్కడా తడబడినట్టు కనిపించదు. గీత వెనక నుంచి పికాసో కళ్లు తిన్నగా మన వైపే చూస్తుంటాయి. తన బొమ్మను తాను చూడలేని మనిషి చూపు అది. అందుకే అంత తీక్షణంగా ఉంటుందేమో.

పక్కవాటున పెట్టిన రెండో కెమెరా సంగతి చాలామంది పట్టించుకోరు. మిలీలోని ఇంజినీరు నాకు అక్కడే దొరుకుతాడు. గాలిలో గీసిన గీతకు పొడవు, వెడల్పుతో పాటు లోతు కూడా ఉంటుంది. చెయ్యి పైకీ కిందికీ తిరిగినట్టే ముందుకూ వెనక్కీ కూడా పోతుంది. ఎదుటి కెమెరాకి అది ఎద్దు. పక్క కెమెరాకి అదే గీత ఇంకో రూపు. కాగితం మీది బొమ్మకు ఈ రెండో మొహం లేదు. మిలీ 1970లో ఈ ఫొటోలతో పుస్తకం వేసినప్పుడు ‘పికాసోస్ థర్డ్ డైమెన్షన్’ అని పేరు పెట్టాడు.

1950 జనవరి 30 నాటి లైఫ్ పత్రికలో ఈ ఫొటోలు అచ్చయ్యాయి. ఆ ఏడు మొదట్లోనే న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో గోడకెక్కాయి.

వెలుగుతో గీయడం మిలీ కనిపెట్టిన విద్య కాదు. 1889లోనే పారిస్‌లో ఎటియెన్ జూల్ మరే, జార్జ్ దెమెనీ మనిషి కీళ్ల దగ్గర చిన్న బల్బులు కట్టి నడిపించి, నడకలోని లోపాన్ని ఫొటో మీద పట్టారు. వాళ్లకు కావలసింది శరీరశాస్త్రం. అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1914 ప్రాంతంలో కార్మికుల వేళ్లకు దీపాలు తగిలించి, పనిలో ఏ కదలిక వృథా పోతోందో లెక్కకట్టారు. వాళ్లకు కావలసింది ఫ్యాక్టరీ ఉత్పత్తి. దీన్ని కళ కోసమే వాడినవాడు మాన్ రే. 1935లో కెమెరా ముందు కూర్చుని పెన్‌లైటుతో గాలిలో ఏవో మెలికలు తిప్పాడు. అవి ఉత్త పిచ్చిగీతలని డెబ్భై ఏళ్లకు పైగా అందరూ అనుకున్నారు. 2009లో ఎలెన్ కేరీ అనే ఫొటోగ్రాఫర్ ఆ ఫొటోను అద్దంలో చూసింది. మెలికల్లో మాన్ రే సంతకం! కెమెరా వైపు తిరిగి రాస్తే అక్షరాలు కెమెరాకు తిరగేసి పడతాయి కదా, అంతకాలం ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

మన దగ్గర ఈ ముచ్చట ఇంకా పాతది. చలిమంట దగ్గర కూర్చున్న పిల్లాడు కొరివి తీసుకుని గిరగిరా తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుంది. నిప్పుతో ఆడితే రాత్రి పక్క తడుపుతావురా అని నాయనమ్మ కసురుతుంది. తిరిగేది ఒక్క నిప్పుముక్క, కనిపించేది నిండు చక్రం. ఆ చక్రం నిజంగా ఉందా అనే ప్రశ్నను పట్టుకుని అద్వైత గురువు గౌడపాదుడు మాండూక్య కారికల్లో అలాతశాంతి, అంటే కొరివి చల్లారడం, అనే ప్రకరణమే నడిపాడు. దీపావళి రాత్రి కాకరపువ్వొత్తితో గాలిలో పేరు రాయని తెలుగు పిల్లలు ఉంటారా? కన్ను ఆ చక్రాన్ని లిప్తపాటు నిలుపుకుంటుంది, అంతే. షట్టర్ తెరిచిన కెమెరా అర నిమిషమైనా నిలుపుతుంది. ఆ అర నిమిషం దొరికితే చక్రంతో ఆగనక్కర్లేదు, ఎద్దు కూడా గీయొచ్చు.

దీనికి వల్లోరిస్ వెళ్లక్కర్లేదు. మన డాబా మీద కుదురుతుంది. వీధి దీపం నేరుగా పడని మూల చూసుకోండి. అమావాస్యకు అటూ ఇటూ రోజులైతే మరీ మంచిది. షట్టర్ ఎంతసేపు తెరవాలో మన ఇష్టానికి వదిలేసే కెమెరా కావాలి. చాలా ఫోన్లలో ఇప్పుడు ప్రో మోడ్ ఉంది, 15 నుంచి 30 సెకన్ల దాకా తెరవనిచ్చే ఫోనైతే మొదటికి అది చాలు. కదలని ట్రైపాడ్ మాత్రం తప్పదు. చేత్తో పట్టుకుని కుదరదు, ఇటుకల దొంతి మీదైనా పెట్టండి. షట్టర్ వేలితో నొక్కితే ఆ కుదుపుకే ఫొటో చెదురుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. ఐఎస్ఓ 100, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కంత) మార్చగల కెమెరా అయితే ఎఫ్ 8. ఇవి మొదలుపెట్టడానికే, తర్వాత మార్చుకోవచ్చు.

చీకట్లో కెమెరాకు ఫోకస్ దొరకదు, ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది. గీసే మనిషి నిలబడే చోట టార్చి వేసి, ఆ వెలుగులో ఫోకస్ పట్టి, వెంటనే మాన్యువల్‌లోకి మార్చేయాలి. నేల మీద చాక్‌పీసుతో గీత గీసి పెట్టుకోండి. మనిషి ఆ గీత దాటితే ఫోకస్ పోతుంది.

కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. గీత పలచగా వచ్చిందని షట్టర్ ఇంకాసేపు తెరుస్తారు. అప్పుడూ గీత అలాగే ఉంటుంది, వెనకనున్న ఆకాశం, పక్కింటి గోడ మాత్రం తెల్లబారతాయి. ఎందుకంటే దీపం ఒక చోట ఉన్నది లిప్తపాటే. ఆ లిప్తలో పడ్డ వెలుగే అక్కడి చుక్క. అది దాటిపోయాక ఇంకో పది సెకన్లు తెరిచినా ఆ చోట కొత్తగా పడేదేమీ లేదు. గీత వెలగాలంటే టార్చి కాంతి పెంచాలి, లేదా అపర్చర్ తెరవాలి, లేదా చెయ్యి నెమ్మదించాలి. నెమ్మదిగా పోయిన చోట గీత లావెక్కి వెలుగుతుంది. విసురుగా పోయిన చోట సన్నబడుతుంది. కుంచె నొక్కడం, తేల్చడం ఇక్కడ వేగంతో చేయాలి. ఫ్లాష్‌కూ షట్టర్ సమయంతో పనిలేదు. అందుకే మిలీ గీతకు కావలసినంత వ్యవధి ఇచ్చి కూడా, మనిషి మొహాన్ని అదుపులో పెట్టగలిగాడు.

గీసేవాళ్లు నల్లటి, పొడుగు చేతుల బట్టలు వేసుకోవాలి. ఆగకుండా కదులుతుంటే కెమెరాకు మనిషి కనబడడు. ఒక చోట నిలబడిపోతే దెయ్యంలా నీడ పడుతుంది. ఒక ముక్క అయ్యాక ఇంకో ముక్కకు వెళ్లేటప్పుడు టార్చి మూతి అరచేత్తో మూయాలి, లేకపోతే ఆ దారి కూడా గీతైపోతుంది. మూతికి రంగు కాగితం చుడితే రంగు గీత వస్తుంది. ఇనుప పీచు అంటించి తిప్పి నిప్పురవ్వలు చిమ్మించే ఫొటోలు చూసి కొందరు అక్కడి నుంచే మొదలుపెడతారు. అది మండే ఇనుము. గడ్డివాముల ఊళ్లలో, ఎండిన పొలాల్లో దాని జోలికి వెళ్లొద్దు. టార్చి చేసే పనికి దానితో అవసరమే లేదు.

ఇద్దరుంటే పని తేలిక. తమ్ముడు కెమెరా దగ్గర నిలబడి “తెరిచానక్కా” అనాలి. అక్క గీసి “ఇక మూసెయ్‌రా” అనాలి. గీసే పని అక్కకే ఇవ్వమంటాను. మెలికల ముగ్గు రోజూ వేసే చేతికి ఈ విద్య సగం వచ్చినట్టే. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి కలిసే గీత ఆ చేతికి అలవాటు. పిండి బదులు వెలుగు, నేల బదులు గాలి. చుక్కలు మాత్రం కనిపించవు, వాటిని మనసులో పెట్టుకోవాలి. ముందు పగలే, టార్చి వెలిగించకుండా, అదే గీత గాలిలో నాలుగైదుసార్లు తిప్పి చూసుకుంటే భుజానికి దారి తెలుస్తుంది.

మొదటి రాత్రి పేర్లు రాయాలని చూడకండి. కెమెరా వైపు తిరిగి రాస్తే మాన్ రే సంతకంలాగే తిరగేసి వస్తాయి, తర్వాత ఫోన్లోనే తిప్పి సరిచేసుకోవచ్చు గానీ, అక్షరానికి అక్షరానికి మధ్య టార్చి మూయడం మొదట్లో కుదరదు. ఫ్లాష్ కూడా అప్పుడే వద్దు. ఒక్క సున్నా గీయండి. చివర వచ్చి మొదటిని అంటుకునేదాకా అదే గీస్తూ ఉండండి. అంటుకున్న రోజు దానికి రెండు కొమ్ములు పెట్టండి. అక్కడి నుంచి ఎద్దు ఎంతో దూరం లేదు.